రెండో ఆదివారం

కోతమిషన్ వెనుక రేకుల షెడ్డు.
నెలకోసారి ఇక్కడ తొమ్మిదిమందిమి కలుస్తం.
చందా యాభై రూపాయలు, చాయ్ పైసలు వేరే.
రిజిస్టర్ల తరిమెన మిత్రమండలి అని రాసుకున్నం గాని
గల్లీవాళ్లకు మేం పొట్టోళ్లం.
రంపపు పొట్టు నెత్తినేసుకొని ఇంటికి పోతం కాబట్టి
ఆరడుగుల ఇన్నయ్య సారు కూడా పొట్టోడే.

ఈసారి కట్టె నేను తెచ్చిన.
హసన్‌పర్తి రోడ్డు మీద తీగకు తగులుతున్నదని
మంగళవారం నేనే నిలబడి కొట్టించిన వేపకొమ్మ.
కొట్టించినంక విడిచి రాబుద్ధి కాలే.
స్కూటీ ముందట అడ్డం పెట్టుకొని
దారి పొడుగునా దాని చేదు పీల్చుకుంట తెచ్చిన.

ఓదెలు తాత బొటనగోరుతో గీకి చూసిండు.
"పచ్చిగున్నది. మంచిదే,
పచ్చికట్టె ఉలికి ఎదురు మాట్లాడదు."

ముప్పై ఏండ్లు మంచం కోళ్లు తీసిన చెయ్యి అది.
ఊరంతా ఇనుప మంచాలెక్కి పండుకున్నది.
ఆ చెయ్యి మాత్రం కూరగాయల సంచి పట్టుకున్నా
గుండ్రంగనే మడుచుకుంటది.

మోటరు వేస్తే
కొమ్మ మొదలు దడదడ కొట్టుకున్నది,
బర్రె తాడు తెంపుకున్నట్టు.
"ఆగాలె. ముందు ఉలి మడమ ఆనాలె.
కొస తర్వాత.
మడమ ఆనకుండా నడిస్తే మనిషైనా పడడా?"
దడదడ తగ్గి గుయ్యిమన్నది.
తడితడి రిబ్బన్లు మోచేతుల మీద, చాయ్ గ్లాసులల్ల.
పళ్ల డాక్టర్ కౌసర్ అందరి కళ్లకు అద్దాలు పెట్టించి
తను నుదుటి మీద పెట్టుకున్నది.
కాజీపేట షెడ్డుల ఇనుము తిప్పి రిటైరైన ఇన్నయ్య సారు
"ఇనుమైతే కొలత చెప్పొచ్చు,
ఇది రేపటికి మాట మారుస్తది" అని గొణిగిండు.

కరెంటు పోయింది.

ఎనిమిది ముఖాలు నా దిక్కు తిరిగినయి,
స్విచ్చు నా కొంగుకు కట్టి ఉన్నట్టు.
సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసిన.
"లైన్ పని మేడం. పన్నెండు దాకా రాదు.
నిన్న మీరే సంతకం పెట్టిన్రు గదా."
స్పీకర్ ఆన్ల ఉన్నది.

నవ్వులు సద్దుమణిగేసరికి
తాత మూలకున్న గోనెపట్టా తీసిండు.
రెండు గుంజలు, రెండు ఇనుప మొనలు, నూనె తాగి నల్లబడ్డ తాడు.
అదే కొమ్మల జానెడు ముక్క తెగ్గోసి
మొనల నడుమ బిగించి
తాడు రెండు చుట్లు చుట్టి
కొసలు నా చేతికిచ్చిండు.
"నీ తప్పుకు నువ్వే లాగు బిడ్డా."

ఇటు లాగితే కట్టె తాత దిక్కు తిరుగుతది, అప్పుడు ఉలి తింటది.
అటు లాగితే వెనుకకు తిరుగుతది, అప్పుడు ఉలి లేస్తది.
తినుడు, లేసుడు.
పది నిమిషాలకు నా భుజాలు పోయినయి.
నలభై ఊర్లకు ఒక్క వేలుతోని పంపిస్త నేను,
అది ఇంత బరువుంటదని
ఏ మీటరూ నాకు చెప్పలే.

"ఏం తీస్తున్నవ్ తాతా?" పదోతరగతి మొగిలి అడిగిండు.
తాత చెప్పలే.
ఒక మెడ వచ్చింది, కింద ఒక ఉల్లిగడ్డ,
దాని కింద రెండు గాజులు, సన్నటి పాదం.
మంచం కోడు. జానెడంత.
చెయ్యి దానంతటది పాత తొవ్వ పట్టింది.

బల్బు వెలిగింది. ఎవ్వరం లేవలే.

"మిగతా మూడు?" అన్నడు మొగిలి.
తాత ఉలి తిప్పి పిడి మా దిక్కు పెట్టిండు.

రెండోది కౌసర్ తీసింది, అచ్చం దవడపన్ను తీరుగున్నది.
మూడోది మొగిలిది.
నాలుగోది నేను తీసిన, అరవేలు పొట్టి.
నులక అల్లి నిలబెడితే
నా మూల దిక్కు ఒరిగింది చిట్టిమంచం.
కింద పాత ఫ్యూజు ముక్క పెట్టినం.
వారానికే నా కోడు వెంట్రుకంత పగిలింది, ఇన్నయ్య సారు చెప్పినట్టే.

వచ్చే నెల తుమ్మకట్టెనట.
షట్‌డౌన్ కాయితం కనబడితే
సంతకం పెట్టే ముందు ఫోన్ చెయ్యమన్నరు.
పెట్టినంక చెయ్యమని మొగిలి చెవుల చెప్పిండు.