యాభై గ్రాముల రాతిపువ్వు

పట్నంబజారులో దినుసుల కొట్టు.
యాభై గ్రాముల రాతిపువ్వు ఇమ్మన్నాను.
"బిర్యానీకా, మందుకా?"
కాగితం మడుస్తూ అడిగాడు కొట్టతను.
లెక్కకి, అన్నాను.
అతనికి అర్థం కాలేదు.
నాకూ పూర్తిగా కాదు.

రెండు శీతాకాలాలు దీని పుణ్యాన జీతం తిన్నాను.
ఉత్తరాన, రెండు దేశాలు
ఒకే అడవిని చెరిసగం చేసుకున్న చోట
జానెడు తీగచట్రం చెట్టు బెరడుకి ఆనించి
ఎన్ని గళ్ళలో బూడిదరంగు, ఎన్ని గళ్ళు బోడి
చేతి తొడుగు విప్పి రాసుకునేదాన్ని.
పెన్నులో సిరా గడ్డకట్టేది.
పెన్సిలొక్కటే మాట వినేది.
గాలి చెడితే ముందుగా చచ్చేది ఇదే,
అందుకని దీన్ని అడగాలి గాలి సంగతి.
కంచె అవతల లోహం కరిగించే కొలిమి
ఎప్పుడో ఆరిపోయింది.
చెట్లు ఇంకా నమ్మలేదు.
కాపలా కుర్రాడు నా సంచి రెండుసార్లు తడిమాడు,
లోపల బెరడు ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు.

ఆ ఊళ్ళో ఐలి అనే ముసలావిడ, తొంభై దాటింది.
డాక్టరు రక్తపోటు చూస్తుంటే
ఆవిడ కరువు చెప్పడం మొదలుపెట్టింది.
యుద్ధం వచ్చిన ఏడు, పిండి అయిపోయిన నెల,
వాళ్ళమ్మ దీన్నే బూడిదనీళ్ళలో నానేసి
దంచి, రొట్టెలో కలిపిందట.
చేదు పోలేదు, ఆకలి కాస్త పోయింది.
అంత కథనీ దుబాసీ మూడు ముక్కల్లో తేల్చాడు.
ఫారంలో "బాల్యంలో ఆహారం" అనే గడి
అగ్గిపెట్టె మూతంత ఉంది.
మా వైపు కూడా తింటామండీ, అన్నాను,
మాంసంలో వేస్తాం, వాసన కోసం.
ఐలి నవ్వింది.
పళ్ళులేని నోటితో, కళ్ళు తుడుచుకుంటూ,
రక్తపోటు యంత్రం తప్పు చూపేంతసేపు.
వాసన కోసమా!

ఇప్పుడు మే నెల, గుంటూరు.
ఏటుకూరు రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీ.
బయట నలభై అయిదు, లోపల ఆరు.
ఎర్ర టిక్కీలు నిద్రపోతున్న ఆ చీకటి గదిలో
నా ముక్కుకి ఒక్క క్షణం ఉత్తరం తగిలింది,
వెంటనే ఘాటు, తుమ్ము.
ఏసురత్నం బస్తా దించి గొట్టం అందుకున్నాడు.
ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా...
మూడోసారికి దగ్గు గెలిచింది.
ఎండలోంచి చలిలోకి, చలిలోంచి ఎండలోకి
రోజుకి ఎన్నిసార్లని అడిగితే
"బస్తాలు లెక్కపెడతాం గానీ అమ్మా, తలుపులు లెక్కపెడతామా?"

ప్రహరీ పక్క నిద్రగన్నేరుకి
పాత అలవాటున చట్రం ఆనించాను.
నూరు గళ్ళు. ఎర్రటి దుమ్ము.
సున్నా అని రాసి, కింద గీత గీశాను.

షేక్ మస్తాన్‌బీ ఇరవైరెండేళ్ళుగా
మిరపకాయకి తొడిమ తీస్తుంది.
ఊదింది. అంకె చూసింది.
"పాసయ్యానా?"
ఆ అంకెకి తెలుగేమిటో నాకు తట్టలేదు.
నా సంచిలోంచి పొట్లం జారితే తనే విప్పింది.
"పత్థర్ ఫూల్! దీనికి ఇంత బందోబస్తా?"
చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది,
ఊరికే, మర్యాదకి.
"నాకు వాసన తెలిసి పదేళ్ళయిందమ్మా.
చేతికొద్దీ వేస్తాను. బాగుందని పిల్లలంటారు,
నమ్ముతాను."

ఊపిరికి గడులున్నాయి నా ఫారంలో.
దీనికి లేదు.
అంచున, పెన్సిలుతో, అడ్డంగా రాస్తున్నాను.
ఐలికి ఈ ముక్క ఎవరు చేరవేస్తారు,
చేరినా ఈసారి నవ్వుతుందా?

మస్తాన్‌బీ పొట్లాన్ని మళ్ళీ మడిచింది,
కిలోల లెక్కన కూలి తీసుకునే అరచేతిలో
ఒకసారి ఎగరేసి పట్టుకుంది.
"యాభై అన్నాడా?
నలభై దాటదు. వెళ్ళి అడుగు."