బల్లిగుడ్లు

రొయ్యల మేత గోతంలో చుట్టి
సఖినేటిపల్లి నుంచి కంప్యూటర్ తెచ్చాడు
పెచ్చెట్టి ఏడుకొండలు.
"ఊపిరి ఉందండి, బొమ్మే రాట్లేదు."

మూత విప్పితే మేత కంపు,
ఉప్పుగాలి తిన్న స్క్రూలు,
మూలన రేకుకి అంటుకుని
రెండు బల్లిగుడ్లు, బఠాణీలంత.

ర్యామ్ ఊడదీసి రబ్బరుతో రుద్దాను,
మా పిల్లది లెక్క తప్పితే చెరిపే రబ్బరే.
పెట్టాను. బీప్.
మళ్లీ తీశాను.
ఇంతలో కరెంటు పోయింది.

చేసేదేముంది, సైకిలెక్కాను.
లాకుల దాకా పోవాలన్న పంతమేం లేదు.
బాతుల మంద గట్టు దిగేదాకా
ఒంటికాలు నేలకానించి ఆగాను.
గుర్రపుడెక్క కింద నీళ్లు కనపడవు,
పోతూనే ఉంటాయి.
చైను చుట్టుకోసారి టిక్కుమంటుంది.
ఏ లింకో తెలుసు.
ఊళ్లో వాళ్లవన్నీ బాగుచేస్తాను గానీ
దాని జోలికి పోను, తోడుగా ఉంటుంది.

వంతెన దగ్గర, ఏమీ ఆలోచించనప్పుడు, తట్టింది:
తప్పు ర్యాముది కాదు, గాడిది.

వచ్చేసరికి ఫ్యాను తిరుగుతోంది,
ఏడుకొండలు బల్ల మీద కునుకుతున్నాడు.
పక్క గాడిలో పెట్టాను.
తెర నిండా ఓ చంటిపిల్ల బోసినవ్వు.
"మా మనవరాలండి" అన్నాడు, కళ్లు నులుముకుంటూ.

నూటేభై తీసుకున్నాను.
"దుమ్ము దులపలేదేంటండి?"
"ఆ గుడ్లు పిల్లలయ్యాక పట్రా."