నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు

గుంటూర్లో వీధుల్ని లైన్లంటాం.
బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
మా ఇంటి చిరునామా ఎవరికి చెప్పినా
అక్కడేదో తప్పు దొర్లినట్టే అనిపిస్తుంది నాకు.
పద్దెనిమిదేళ్లుగా తెర నాతో మాట్లాడేది ఈ భాషే:
ఫలానా లైను, ఫలానా అక్షరం,
సెమీకోలన్ లేదు, చూసుకో.

కొత్త పనిముట్టు ఇచ్చారు ఆఫీసులో.
రెండక్షరాలు కొడతానో లేదో
మిగతాదంతా బూడిదరంగులో పరిచేస్తుంది,
బంతిలో కూర్చోకముందే ఆకు వేసినట్టు.
ట్యాబ్ నొక్కితే చాలు, నాదైపోతుంది.
మొదటివారం భయమేసింది.
రెండోవారం మరిగాను.
మూడోవారానికి నా ఎడమచేతి చిటికెనవేలే
మా టీములో సీనియర్ డెవలపర్.

అబద్ధమెందుకు, బాగా రాస్తుంది.
తొమ్మిదేళ్ల కిందట
"తర్వాత చూద్దాం" అని నేను పాతిపెట్టిన అతుకుని
ఒక్క మాట అనకుండా తవ్వితీసి సరిచేసింది.
ఒక్కోసారి మాత్రం
లేని ఫంక్షన్ని పేరుపెట్టి పిలుస్తుంది,
మా జక్రయ్య మావయ్య పెళ్లిళ్లలో
లేని ఎకరాలకి గట్లు చూపించినంత ధీమాగా.

మూడున్నరకి స్కూలు ఆటో.
జోయెల్ దిగుతాడు. ఏడేళ్లు.
బూట్లు విప్పకముందే
"నా... నాన్నా, ఇయ్యాల మా క్లాసులో ప్... ప్... ప్..."
వానల్లో ఉబ్బిన మా వంటింటి తలుపులా
అక్కడే బిగుసుకుపోతుంది ఆ అక్షరం.
వాడు భుజంతో నెడుతుంటాడు.
నా నోట్లో బూడిదరంగు మాటలు వరసకడతాయి:
పరీక్షా? పెన్సిలా? ప్రేయరా?

కొత్తపేట స్పీచ్ డాక్టరమ్మ చీటీ
ఫ్రిజ్ తలుపుకి అంటించింది సువార్త.
వాడి మాట వాడిది.
కళ్లలోకి చూడండి. ఆగండి.
మీరు పూర్తి చెయ్యకండి.
ఆమెకిది కష్టం కాదు.
పెద్దాసుపత్రిలో నైట్ డ్యూటీ,
మత్తు దిగుతున్న మనిషి మొదటి మాట కోసం
మంచం పక్కన ఎంతసేపైనా నిలబడుతుంది.
నాకే చేతకాదు.
నాలుక కింద ఇంకో చిటికెనవేలు మొలిచినట్టుంది.

ఆ రోజు అనేశాను, "పరీక్షా?" అని.
వాడు నా వంక చూశాడు.
తలుపు వదిలేశాడు.
"ఊఁ" అన్నాడు.
ఎన్ని మార్కులు అన్నాను.
"ఏడు" అన్నాడు.
ఎందులో ఏడో అడగలేదు నేను, మీటింగుంది.

రాత్రి డైరీ తిప్పితే
ఆ వారం పరీక్షల్లేవు.

దీపం ఆర్పి పక్కన పడుకున్నాను.
"క్లాసులో ఏమైంది నాన్నా?"
ఫ్యాను చప్పుడు.
పైవాటాలో ఎవరో మంచం జరుపుతున్నారు.
"ప్..."
స్టేషన్ వైపు రైలు కూతేసింది.
"ప్... ప్..."
నోటిమీద చెయ్యి పెట్టుకున్నాను, చీకటే కదా.
ఇదివరకు కర్సరు ఇట్టాగే ఉండేది,
ఏమీ అందించకుండా
ఉన్నచోటే మినుకుమంటూ.

"ప... పద్మజా టీచర్ ఏడ్చింది.
బోర్డు వైపు తిరిగి.
రాసేది ఆపలా.
ఎవురూ చూడలా నాన్నా. నే... నేను చూశా."

ఎందుకేడ్చిందో మా ఇద్దరికీ తెలీదు.
వాడు నా చెవి పట్టుకుని నిద్రపోయాడు.

ఏడింటికి సువార్త వచ్చింది,
డెట్టాల్ వాసనతో, చేతిలో పాలపాకెట్లతో.
"నిద్రపోలేదా?" అంది.
చెబుదామనుకున్నాను.
ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు.
పాకెట్లు గట్టుమీద పెట్టి, స్టవ్ వెలిగించకుండా
నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

తొమ్మిదిన్నరకి కాల్‌లో అడిగారు
నిన్నేం పూర్తిచేశావని.
"ఒకటి పూర్తి చెయ్యకుండా ఉన్నాను" అన్నాను.
మ్యూట్‌లో ఉన్నావు, మళ్లీ చెప్పమన్నారు.