చుక్క

కోరంటి దవాఖానలో కిటికీ పక్కన నా బల్ల.
తెల్ల పలక మీద
ఓదెలు నెత్తురు నుంచి తేరిన నీటి చుక్క ఒకటి,
దాని పక్కన గులాబీ రంగు మందు చుక్క ఒకటి.
పుల్లతో రెంటినీ కలిపి
పలకను అటూ ఇటూ ఊపుతున్నాను.
నాలుగు నిమిషాలు ఊపాలి.

మూడు నెలలుగా తిరుగుతున్నాడు.
ఒకరు టైఫాయిడ్ అన్నారు, ఒకరు మలేరియా.
ఉప్పుగూడ ఆరెంపీ ఏమీ అనకుండానే సూది వేశాడు.
నడుము ఎక్స్‌రే చూసిన పెద్ద డాక్టరు
టీబీ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.
జ్వరం మాత్రం వానాకాలం కరెంటులా
వస్తూ పోతూనే ఉంది.

"చెమట తడిసిన గడ్డి వాసనొస్తంది సారూ"
అని వాళ్లావిడ చెప్పిందట ప్రతిచోటా.
"బర్ల కాడుండేటోనికి అత్తరు వాసనొస్తదా?"
నవ్వి చీటీ మడిచారు.

చీటీలన్నిటిలో వృత్తి దగ్గర ఒకటే మాట: కూలీ.
డాక్టర్ సబీహా ఆ మాట కొట్టేసి అడిగింది:
"బర్లెన్ని?"
పదకొండు.
"ఈ మధ్య ఏదన్నా ఈసుకపోయిందా?"

ఓదెలు తల దించుకున్నాడు,
ఇంట్లో చావు గురించి అడిగినట్టు.
"సదర్‌కు ముంగట. మా చుక్క. ఏడో నెల.
మాయ పడకుంటే నేనే చెయ్యి పెట్టి తీసిన."
"ఉత్త చేత్తోనా?"
"అది మా ఇంటి మనిషే గదమ్మా."

మూడో నిమిషం.
ముందు అంచున రవ్వంత గరుకు,
చూస్తుండగానే గులాబీ నీళ్లు
విరిగిన పాలలా పలుకులు పలుకులుగా తేలాయి.
పాలు విరిగితే కీడంటుంది మా అమ్మ.
నాకేమో ఈ బల్ల దగ్గర తెలిసింది,
విరుగుడు దొరకాలంటే
ముందు ఏదో ఒకటి విరగాలని.

బ్రూసెల్లా.
అతనికి నోరు తిరగలేదు.
ఆరు వారాల మాత్రలు, ఒక్క పూట మానొద్దు,
పాలు పొంగేదాకా కాచాలి,
పశువుల డాక్టరొచ్చి అన్నిటి నెత్తురూ తీస్తాడు.
అన్నీ విన్నాడు. ఒక్కటే అడిగాడు:
"దాని నుంచి నాకొచ్చిందా,
నా నుంచి దానికి పోయిందా?"

"దాని నుంచే నీకు."

"అయితే మంచిదే" అన్నాడు,
మూడు నెలల్లో మొదటిసారి
నడుము నిటారు చేయబోయి, అమ్మా అని మూలిగి.

నేను పలక కడుగుతున్నాను.
రోజూ పొద్దున పొదుగు ముట్టుకునేది తానే అంటూ
వాళ్లావిడ గాజులు పైకి తోసుకుని
నా ముందు చెయ్యి చాపింది.