కొస

నక్షత్రాలు తెప్పించింది నేనే.
పుయెర్తో మోంత్ నుంచి, పడవలో,
పొట్లానికి రెండు వందలు,
వెనక జిగురున్న బంగారు కాగితం ముక్కలు.

రాయెన్‌కి తొమ్మిదేళ్ళు.
లెక్కలు చెబుతుంటే బల్ల కింద
వలతాడు ముక్కకి ముళ్ళు వేసేది,
విప్పేది, ఇంకోలా వేసేది.
వేయమని ఎవరూ అనలేదు.
వద్దని అన్నది నేనొక్కదాన్నే.
తర్వాత నేనే మెత్తబడి
గోడకి చార్టు తగిలించాను:
ముడికో నక్షత్రం.

మొదటి వారం పదకొండు.
మూడో వారానికి నలభై.
చిలోయె దీవి మొత్తానికి చెప్పుకున్నాను.
దగ్గరికి తీసుకుని చూస్తే
అవి నలభై ముళ్ళు కావు,
అన్నిట్లోకీ సులువైన ఒకే ముడి
నలభై సార్లు.

జూన్ తుఫానుకి పడవలు ఆగాయి.
పొట్లం అడుగంటింది.
"ఇవాళ నక్షత్రం లేదా?"
లేదన్నాను.
"అయితే వద్దులెండి"
అని తాడు నా బల్ల మీద పెట్టి వెళ్ళింది,
అద్దె సామాను అప్పజెప్పినట్టు.

నెల రోజులు సొరుగులోనే ఉంది.
తీసినప్పుడల్లా చేపల వాసన.
తాడుని చూసి పామనుకునేవాళ్ళు ఉంటారు,
నేను తాడని తెలిసే ఉలిక్కిపడేదాన్ని.

ఇచ్చేద్దామని ఓ వానసాయంత్రం
వాళ్ళ తాత పడవల పాకకి వెళ్ళాను.
నేల చెక్కల కింద నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి.
ముసలి ఎలెయుతేరియో
మూడు తాళ్ళ కొసలు ఆమె ముందు పడేశాడు.
ఏం చెయ్యాలో చెప్పలేదు.
"ఎలా?" అని అడిగినప్పుడు మాత్రం
తన చేతులు ఆమె చేతుల పక్కన పెట్టి
ఒక్కసారి వేసి చూపించి,
వేసింది కాస్తా విప్పేసి,
కెటిల్ పెట్టుకోవడానికి లేచాడు.

నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని
రాయెన్ లాగింది.
జారిపోయింది.
"ఛీ!" అంది, ఎంత సంతోషంగానో.
మళ్ళీ.

నా నోటి దాకా వచ్చింది "భలే!"
మింగేశాను.
దాని వెనకా జిగురే.

ఆమె తలెత్తలేదు.
"టీచర్, ఊరికే నిలబడ్డారుగా,
ఈ కొస పట్టుకోండి."

పట్టుకున్నాను.
ఎంతసేపో చెప్పలేదు.
గొడుగు కారుతోంది, బూట్లలో నీళ్ళు,
అటువైపు నుంచి తాడు
చిన్నగా గుంజుతోంది.