ఎలుక తోక బరువు

ఉలాన్‌బాతర్. బయట మైనస్ ముప్పై ఒకటి.
నేలమాళిగలో ఇరవై రెండు తెరలు,
ఇరవై రెండు ఎలుకలు,
మా భాషలోనూ దాన్ని ఎలుకనే అంటాం,
అన్నిటికీ తోకలున్నాయి.
రాత్రి కాపలా నాది.

ఏడో సీటు సొలొంగొది.
తెల్లారితే బేకరీలో పిండి పిసకాలి,
ఈలోగా రెండు గంటల ఆటకి డబ్బు కట్టి
వేళ్ల సందుల్లో పిండి మరకలతోనే గురి చూస్తుంది.
మొన్న ఓడిపోయి తిట్టలేదు, బల్ల గుద్దలేదు.
మౌసు కేబుల్‌ని రెండు వేళ్లతో ఎత్తి చూపించింది.
"ఇది వెనక్కి లాగుతోంది."
"ఎంత?"
"వెంట్రుకంత."

వంగి చూశాను. నిజమే.
బల్ల అంచుకి ఒరుసుకుని ఒరుసుకుని
తోక మీద తోలు లేచిపోయింది,
లోపల రాగి ఎర్రగా నవ్వుతోంది.

కేబుల్ పట్టే స్టాండులు కొట్లో దొరుకుతాయి,
స్ప్రింగు మెడ, రబ్బరు పాదాలు, మెరిసే దీపం కూడా.
ఒక్కోటీ నా రెండు రాత్రుల జీతం.
యజమాని వినీ విననట్టు టీ తాగాడు.
కరెంటు బిల్లు వెనక బొమ్మ గీశాను.

మొదట సైకిలు చక్రం పుల్ల.
మొండి ఘటం. తోకని బిగపట్టి
ఎలుకని తన వైపే ఈడ్చుకుంది.
తర్వాత పెన్నులోని స్ప్రింగు.
కేబుల్ బరువుకే తల వాల్చేసింది,
చివరి బెంచీలో కునికే పిల్లాడిలా.
మూడోదాని సంగతి చెప్పను,
దానివల్ల పద్నాలుగో సీటు మీద సూపు ఒలికింది.

పొయ్యి చూసుకునే దామ్దిన్ ముసలాయన
మసి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.
నలభై ఏళ్లు గుర్రాలు పట్టిన మనిషి,
చివర ఉచ్చు ఉన్న పొడుగాటి కర్రతో.
"ఏం పడుతున్నావు?"
"ఎలుకని."
బొమ్మని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.
"ఉచ్చు పడ్డాక లాగుతావా?"
"లాగనా మరి?"
"లాగితే జీను మీంచి నువ్వే ఎగిరిపడతావు.
కర్ర వంగాలి, గుర్రం పోయే వైపే వంగాలి,
కాస్త ఆలస్యంగా."

చీపురులోంచి విల్లో పుల్ల ఒకటి పీకాను.
టీ కెటిల్ ఆవిరి మీద తిప్పుతూ తిప్పుతూ,
చెయ్యి కాలి, తిట్టుకుని, మళ్లీ తిప్పుతూ
చిటికెన వేలంత వంపు తెచ్చాను.
పీఠానికి ఖాళీ చేపల డబ్బా,
దాని నిండా ఇసుక, తుప్పు బోల్టులు.
జారకుండా అడుగున పాత ఫెల్టు బూటు ముక్క.
ఉచ్చు దగ్గర ఆగిపోయాను. దారం కేబుల్‌ని కొరుకుతోంది,
ప్లాస్టిక్ కొసలు గీరుతున్నాయి.
దామ్దిన్ తాళంచెవుల గుత్తి విప్పి
గుర్రపు వెంట్రుకల పేట తాడు తీసిచ్చాడు.
ఏ గుర్రానిదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఉచ్చుకీ ఎలుకకీ మధ్య జానెడు వదిలాను, ఎక్కువైంది.
బెత్తెడు, తక్కువైంది.
సొలొంగొ వచ్చి, కూర్చోకుండానే,
మణికట్టు ఇటు విసిరి అటు విసిరి
బెత్తెడు మీద రెండు వేళ్ల దగ్గర ఆపింది.
పుల్ల తల ఆడించింది, లేచి నిలబడింది.
తోక బల్లని తాకలేదు.

ఆట మొదలైంది.
పొయ్యిలో బొగ్గు చిటపటల్ని మించి
ఆమె క్లిక్కులే వినబడుతున్నాయి.
వెనక నిలబడి నేను ఊపిరి బిగబట్టాను,
దామ్దిన్ అయితే పుల్లని తప్ప తెరని చూడలేదు.

ఓడిపోయింది.
అదే మూల దగ్గర, అదే వెంట్రుకవాసిలో.
కుర్చీ వెనక్కి నెట్టి,
ఆ చేపల డబ్బా వంక కాసేపు చూసింది.
"బాగుంది," అంది, "ఇప్పుడు తప్పంతా నాదే."
మరో గంటకి డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టింది.

పొద్దున్నే యజమాని ఊడ్చబోయి చీపురు పైకెత్తాడు.
ఎనిమిదో సీటు వాడు, పదకొండో సీటు వాడు
అప్పటికే నన్ను అడిగేసి వెళ్లారు.
"ఇది ఇంత బక్కచిక్కిందేం?" అన్నాడు.
దామ్దిన్ పొయ్యిలోకి వంగి
అక్కర్లేని బొగ్గు ఇంకో పార వేశాడు.