మిగులు పద్దు

మార్చి ముప్ఫై, మధ్యాహ్నం మూడింటికి
చట్టం మా ఆఫీసుకొచ్చింది.
నాలుగు పేజీలు. రెండోది జిరాక్సులో వంకరగా పడింది.
ఒక పద్దులో మిగిలిన సొమ్ముని
ఇంకో పద్దులోకి మళ్లించుకోవచ్చట మున్సిపాలిటీ,
తీర్మానం ఒక్కటుంటే చాలట.

మళ్లించడం!
లాకుల పక్కన పుట్టినవాళ్లం, మాకెవరూ నేర్పక్కర్లేదు.
తలుపు జానెడెత్తితే ఎవరి చేను ముందు తాగుతుందో
ఎవరిది నెర్రెలిస్తుందో చూస్తూ పెరిగాం.
బ్యారేజీ దాటి సముద్రంలో కలిసేవాటిని
మిగులు జలాలని రాసేవాళ్లు పేపర్లో.
ఆ పేపరు చుట్టి చంకన పెట్టుకుని
శివారు పొలంలో మా మేనమామ
నారుమడికి బిందెలతో నీళ్లు మోసేవాడు.

నా రిజిస్టరులో మిగులు ఇదీ:
మురుగుకాలవల పూడికతీత,
పద్దెనిమిది లక్షల నలభై వేల ఆరువందలు.
టెండరు మూడుసార్లు పిలిచాం,
మూడుసార్లూ ఒక్కడే వచ్చాడు.
తవ్వని కాలవ అలా అంకెగా మారి
నా పేజీలో ఏడాదిపాటు బుద్ధిగా కూర్చుంది.
ఇరవైమూడో వార్డు సరెళ్ల మరియమ్మ
మంచంకోళ్ల కింద ఇటుకలెత్తు పెట్టి
కాళ్లు ముడుచుకుని పడుకున్న తొమ్మిది రాత్రులూ
ఈ అంకెలోనే ఎక్కడో ఉన్నాయి.
ఆరువందల దగ్గరేమో, తెలీదు.

"డబ్బు ఊరికే మూలగడం పాపమండీ"
అన్నారు కొప్పిశెట్టి వెంకటరత్నం గారు, పునుగు తుంచుతూ.
కాలవగట్టు మీద రంగురంగుల దీపాలు,
ఊరి పేరు నిలువెత్తు ఎర్రక్షరాల్లో,
పేరుకి ముందో గుండె బొమ్మ.
కుర్రాళ్లు ఫొటోలు దిగుతారట.
చేతులు లేచాయి.
పదకొండో వార్డు దుర్గాభవాని గారి చెయ్యి మాత్రం
సగం దాకా లేచి, పైట సర్దుకుని దిగిపోయింది.
ఏకగ్రీవం అని రాశాను.
నా దస్తూరీ బాగుంటుందని పేరు.

ఏప్రిల్లో కడితే ఐదు శాతం తగ్గుతుందని
ఇంటిపన్ను పట్టుకుని వచ్చింది మరియమ్మ.
నోట్లు తడిచేత్తో లెక్కపెట్టినట్టున్నాయి, అతుక్కున్నాయి.
ఇరవై రూపాయలు ఎక్కువిచ్చింది.
"ఉంచు బాబూ, పైయేటికి జమేసుకో."
అలా వేసుకోడానికి పద్దు లేదమ్మా, అన్నాను.
ఇరవై తిరిగిచ్చాను.
కొంగున ముడేసుకుంటూ కిటికీలోంచి చూసింది.
గట్టు మీద నలుగురు పారలతో,
ఒకడు గునపంతో,
అక్షరాలకి పునాది తీస్తున్నారు.

"కాలవ తవ్వుతున్నారా బాబూ?"
అంది, మొహం విప్పార్చుకుని.

రసీదు మీద స్టాంపు వేశాను.
సరిగ్గా పడలేదని
మళ్లీ వేశాను.